మైమోనిడీస్: పాండిత్యం, జీవనోపాధి

యూదు పండితుల గురించి చెప్పుకునేటప్పుడు మైమోనిడీస్ పేరు తప్పక వస్తుంది. ధర్మశాస్త్రవేత్త, తత్వవేత్త, వైద్యుడు అని పుస్తకాలు ఆయనను పరిచయం చేస్తాయి. వైద్యం ఆయనకు బతుకుతెరువు ఎందుకయిందో తెలుసుకుంటే మిగిలిన రెండూ ఇంకా బాగా అర్థమవుతాయి. ఆ కథలో మన హిందూ మహాసముద్రానికీ చోటుంది.

ఆయన అసలు పేరు మోషే బెన్ మైమోన్, అంటే మైమోన్ కుమారుడు మోషే. 1138 ప్రాంతంలో స్పెయిన్‌లోని కార్డోబా నగరంలో జన్మించాడు. 1148లో అల్మొహాద్‌లు ఆ నగరాన్ని పట్టుకున్నారు. ఇతర మతాలవారు ఇస్లాంలోకి మారాలి, లేదా దేశం వదలాలి అన్నది వారి విధానం. మైమోన్ కుటుంబం ఏళ్ల తరబడి ఊళ్లు మారింది. మొరాకోలోని ఫెజ్‌లో కొంతకాలం ఉండి, 1165లో పాలస్తీనా చేరి, చివరికి ఈజిప్టులో, నేటి కైరోలో భాగమైన ఫుస్తాత్‌లో స్థిరపడింది.

ఈ తిరుగుళ్లలోనే ఆయన ఒక పెద్ద గ్రంథం రాశాడు. యూదుల ప్రాచీన ధర్మసంహిత మిష్నాకు అరబ్బీ భాషలో వ్యాఖ్యానం అది. 1168లో పూర్తయ్యేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు. అందులో ఒకచోట ఆయన చాలా ఘాటుగా రాశాడు. తోరాను, అంటే యూదుల పవిత్ర ధర్మాన్ని, సంపాదనకు పనిముట్టుగా వాడుకోకూడదన్నాడు. పండితులు సమాజం ఇచ్చే డబ్బుతో బతకడం తప్పన్నాడు. పూర్వకాలపు గురువుల్లో కట్టెలు కొట్టినవారు, నీళ్లు మోసినవారు ఉన్నారని గుర్తుచేశాడు. పండితుడు తన డబ్బును నమ్మకమైన వ్యాపారికి ఇచ్చి లాభం పొందవచ్చని మాత్రం ఒప్పుకున్నాడు.

ఈ చివరి మాట గమనించండి. ఆయన ఇంట్లో జరుగుతున్నదీ అదే! తమ్ముడు దావీదు రత్నాల వ్యాపారి. అన్న చదువుకు కావలసిన డబ్బు తమ్ముడు సంపాదించేవాడు. ఆ సౌకర్యం ఉన్నప్పుడు ఆదర్శం పలకడం తేలికే కదా అని మీకు అనిపించవచ్చు. ఆ అనుమానం సహజమే.

దావీదు అన్నకు రాసిన ఒక ఉత్తరం నేటికీ ఉంది. ఫుస్తాత్‌లోని యూదుల ప్రార్థనామందిరంలో శతాబ్దాలపాటు పోగుపడిన పాత కాగితాల్లో అది దొరికింది. ఎడారి దాటి ఎర్ర సముద్రపు రేవు ఐదాబ్‌కు చేరాననీ, అక్కడ నీలిమందు తప్ప కొనదగిన సరుకేమీ లేదనీ, అందుకే ఓడ ఎక్కి ఇండియా వెళ్తున్నాననీ అందులో రాశాడు. ఇంట్లోవాళ్లకు ధైర్యం చెప్పమని అన్నను కోరాడు. అలాంటి ఒక ప్రయాణంలోనే దావీదు సముద్రంలో మునిగిపోయాడు. సొంత డబ్బు, అన్న డబ్బు, ఇతరుల డబ్బు అంతా అతనితోనే పోయింది. భార్య, చిన్న కూతురు మిగిలారు. తన చేతుల మీద పెరిగిన తమ్ముడు, శిష్యుడు కూడా అయిన దావీదు పోయాక ఏడాదిపాటు మంచం పట్టానని మైమోనిడీస్ ఎన్నో ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడికి రాశాడు.

ఇప్పుడు సంసార భారం ఆయన మీద పడింది. అంత పేరున్న పండితుడు చేయి చాచితే సమాజం ఆదుకునేది. ఆయన అలా చేయలేదు. ముందే నేర్చుకున్న వైద్యాన్ని వృత్తిగా చేపట్టాడు. క్రమంగా సుల్తాన్ సలాదీన్ మంత్రి అల్ ఖాదీ అల్ ఫాదిల్ ఆదరణ దొరికింది. తర్వాత రాజకుటుంబానికే వైద్యుడయ్యాడు. ఉబ్బసం మీద, విషాల మీద గ్రంథాలు రాశాడు. యూదు ధర్మశాస్త్రాన్నంతా 14 భాగాల్లో క్రమపరిచిన 'మిష్నే తోరా'ను కూడా పూర్తిచేశాడు. సమాజంపై ఆధారపడి చదువుకునేవారిపై పాత విమర్శను అందులో మళ్లీ రాశాడు, ఈసారి ఇంకా కటువుగా. తర్వాతి రబ్బీలు, అంటే యూదు మతగురువులు, చాలామంది దీన్ని అంగీకరించలేదు. పండితులను సమాజం పోషించకపోతే విద్యే నశించేదని వారి వాదన. అందులోనూ బలం లేకపోలేదు.

ఆయన పట్టుదలకు చెల్లించిన మూల్యం 1199 నాటి ఒక ఉత్తరంలో కనిపిస్తుంది. ఆయన అరబ్బీలో రాసిన తత్వగ్రంథం 'సందిగ్ధులకు మార్గదర్శి'ని హీబ్రూలోకి అనువదిస్తున్న సామ్యూల్ ఇబ్న్ టిబ్బన్, స్వయంగా వచ్చి సందేహాలు తీర్చుకుంటానన్నాడు. రావద్దనలేదు గాని, వచ్చినా ఒక గంట తీరిక దొరకదని మైమోనిడీస్ జవాబిచ్చాడు. ఉదయమే కైరోలో సుల్తాన్ దగ్గరికి వెళ్లాలి. మధ్యాహ్నం ఆకలితో ఇంటికి వచ్చేసరికి వసారా నిండా రోగులు, యూదులూ ఇతరులూ. వారిని కాసేపు ఆగమని బతిమాలి, రోజుకు ఒక్కపూట భోజనం చేసి, చీకటిపడ్డాక కూడా, అలసటతో పడుకునే, మందులు చెప్పేవాడు.

ఇబ్న్ టిబ్బన్ ఫ్రాన్స్‌లోనే ఉండి ఉత్తరాలతోనే సందేహాలు తీర్చుకున్నాడు. 1204 చివరలో అనువాదం పూర్తయింది. కొద్దిరోజులకే, డిసెంబరులో, మైమోనిడీస్ మరణించాడు.