రేసు సీటు గట్టిదే... కింద నేల మాటేమిటి?

2025 జనవరి 7వ తేదీ. దుబాయ్ ట్రాక్ మీద ప్రాక్టీసు జరుగుతోంది. ఓ పోర్షే కారు అదుపు తప్పి గోడకు గుద్దుకుని, గిర్రున తిరిగి ఆగింది. చూసేవాళ్ళకి గుండె ఆగినంత పనైంది! అంతలో కారులోంచి దిగి వచ్చాడు అజిత్. సికింద్రాబాదులో పుట్టి, 1993లో 'ప్రేమపుస్తకం'తో మనకు పరిచయమై, ఆ తర్వాత తమిళ సోదరులు నెత్తిన పెట్టుకున్న అజిత్ కుమారే! ఒంటిమీద దెబ్బ లేదు. ఆ వారంలోనే జరిగిన 24 గంటల రేసులో ఆయన జట్టు తన తరగతిలో మూడో స్థానం కొట్టింది కూడా.

ఇది షూటింగ్ కాదు, డూపూ లేడు. మరి కాపాడిందెవరు? ఎవరో ఒకరు కాదు. ఇనప గొట్టాల పంజరం, ఒంటిని కట్టేసే బెల్టులు, తలకు హెల్మెట్, నడుమును పట్టి ఉంచే సీటు... అన్నీ కలిసి పనిచేస్తేనే ఆ మనిషి నడిచి వచ్చేది.

ఆ వీడియోను లెక్కలేనన్ని సార్లు చూసినవాళ్ళలో ఓ గుడివాడ కుర్రాడున్నాడు. పేరు రాయొద్దన్నాడు. వాళ్ళమ్మ ఈ పత్రిక చదువుతుందట! "అక్కినేని నాగేశ్వరరావు గారు పుట్టిన రామాపురం మా గుడివాడ పక్కనేగా! ఆయన మనవడు నాగచైతన్య 2024లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ రేసింగ్ జట్టునే కొన్నాడు. నేను ఒక్క సీటు కొనుక్కోకూడదా?" అంటాడు.

కొన్నాడు. చెన్నైలో ఎవరో వాడి వదిలేసిన రేసు సీటు. బిగించాల్సింది తాతగారి పాత మారుతి జెన్‌కి. రోజూ బందరులో ఉద్యోగానికి వెళ్ళేది అందులోనే. వీలు చిక్కినప్పుడు చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పేదీ అదే. "రండన్నయ్యా, సరదాగా చూద్దురుగాని" అంటే బందరులో టింకరింగ్ షెడ్డుకి నేనూ వెళ్ళాను.

అసలీ సీటెందుకో తెలుసా? మలుపులో కారు ఒకవైపు తిరిగితే మన ఒళ్ళు రెండోవైపు జారుతుంది. మామూలు సీటులో అయితే పడిపోకుండా స్టీరింగ్ పట్టుకుని వేళ్ళాడతాం. రేసు సీటు నడుమునూ భుజాలనూ రెండు వైపులా అదిమి పడుతుంది. చేతులకు తిప్పే పని ఒక్కటే మిగులుతుంది.

షెడ్డులో మేస్త్రి సీటు వంక చూడనైనా లేదు. పాత సీటు ఊడదీయించి, కింది మ్యాటు ఎత్తించాడు. స్క్రూడ్రైవరుతో ఫ్లోరు మీద మెల్లిగా పొడిచాడు. టక్ మనాల్సింది... కసుక్కున దిగిపోయింది! కిందనుంచి వెలుతురు కనపడింది.

"ఈ బండి ఎక్కడుందిరా అబ్బాయ్ ఇన్నాళ్ళు?"

"అవనిగడ్డలో, మా తాతయ్య గారింట్లో."

"వరదలో మునిగిందా?"

మనవాడు తల దించుకున్నాడు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలినప్పుడు దివిసీమ లంకలు మునిగిన సంగతి తెలిసిందే. కారు సీట్ల దాకా నీళ్ళొచ్చాయట. పైన మ్యాటు ఆరింది, అడుగున తడి ఆరలేదు. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. తుప్పు తన పని తాను చేసుకుపోయింది.

"ఇక్కడ కాకపోతే బెజవాడ ఆటోనగర్లో అరగంటలో బిగించేస్తారు మేస్త్రీ!" అన్నాడు మనవాడు ఉక్రోషంగా.

"బిగిస్తారు. నేనూ బిగిస్తా. ఊడదని మాత్రం మాటివ్వలేను" అన్నాడాయన బీడీ ఆర్పేస్తూ.

ఓ చిన్న లెక్క. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు గోడకు గుద్దుకుని అర మీటరులో ఆగిందనుకోండి. లోపలున్న 70 కిలోల మనిషి ఆ క్షణాన దాదాపు 1,400 కిలోల బరువుతో ముందుకు తోస్తాడు. ఎదురుగా గుద్దుకుంటే ఆ భారం బెల్టు మీద. వెనకనుంచి లారీ వచ్చి గుద్దితే మన బరువంతా సీటు మీద, దాని బోల్టుల మీద, బోల్టులు పట్టుకున్న రేకు మీద. రేకు బిస్కెట్టులా ఉంటే పైన ఎంత ఖరీదైన సీటుండి ఏం లాభం?

అందుకే అంతర్జాతీయ రేసు నియమాల్లో సీటుకెంత పట్టింపో దాన్ని బిగించే చోటుకీ అంతే పట్టింపు. కనీసం నాలుగు చోట్ల బిగించాలి. బోల్టు 8 మిల్లీమీటర్లకు తగ్గరాదు. రేకు అడుగున ఉత్త వాషరు చాలదు. 3 మిల్లీమీటర్ల మందం ఉక్కు పలక, ఒక్కోచోట 40 చదరపు సెంటీమీటర్లు ఆనేట్టు వెయ్యాలి. అంటే రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినదానికన్నా కాస్త ఎక్కువ. సీటుకి వయసు కూడా ఉంది. 8855-1999 ప్రమాణం చీటీ ఉన్న సీటుకి తయారైననాటినుంచి అయిదేళ్ళే లెక్క. మనవాడి సీటు మీద చీటీ తిప్పి చూస్తే... 2012!

బెల్టు సంగతీ అంతే. రేసు బెల్టు కూడా తెచ్చాడు. "పంజరం లేని కారుకి ఇదెందుకు?" అన్నాడు మేస్త్రి. నిజమే. కారు బోల్తాకొట్టి టాపు అణిగితే, భుజాలు కట్టేసిన మనిషి పక్కకు వాలలేడు. భుజం పట్టీలను వెనక ఫ్లోరుకు లాగి కడితే గుద్దుకున్నప్పుడు వెన్నెముకను కిందికి నొక్కేస్తాయి. రోడ్డు మీదకి కంపెనీ బెల్టే మేలు. అదీ పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద ఆనాలి. రేసు సీటు రెక్కలు దాన్ని పైకెత్తేస్తే ఆ సీటు మనకు పనికిరానట్టే. కొత్త కార్లున్నవాళ్ళకి మరో మాట: కొన్ని సీట్లలోనే పక్క ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. సీటు తీస్తే అదీ పోయినట్టే. కారులో ఏ మార్పు చేసినా ముందు రవాణా శాఖవారినీ, ఇన్సూరెన్సువారినీ అడగడం క్షేమం. రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా రాకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది.

ఇంతా విని మనవాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఫ్లోరుకి ఎంతవుతుంది మేస్త్రీ?" అన్నాడు. కుళ్ళిన రేకు కోసి, కొత్తది అతికి, అడుగున రంగు వేసేందుకు చెప్పిన మొత్తం సీటు కొన్నదానికన్నా ఎక్కువే! పాపం, మొహం వాడిపోయింది. అయినా జేబులోంచి అడ్వాన్సు తీసి ఇచ్చాడు.

ఆ కారులోనే ప్రతి ఆదివారం వాళ్ళమ్మ పక్కన కూర్చుని అవనిగడ్డ వెళుతుందట. "అమ్మ సీటు కింద కూడా చూడండి మేస్త్రీ" అన్నాడు మెల్లిగా. మ్యాటు ఎత్తితే అక్కడా అదే కథ. రేసు సీటు పిచ్చి పట్టకపోతే ఆ మ్యాటు ఎవరూ ఎత్తేవారే కాదు!

ప్రస్తుతం ఆ రేసు సీటు గుడివాడలో వాళ్ళింట్లో టీవీ ఎదురుగా ఉంది. మనవాడు అందులో కూర్చునే రేసులు చూస్తున్నాడు. అమ్మగారికి మాత్రం ఇంకా తెలియదు, కారు బాగుచేయించడానికి ఎందుకిచ్చారో. ఈ వారం పత్రిక వస్తే తెలుస్తుంది!