మలేరియా మందు ఎందుకు మారింది?

వానలు పడగానే రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లోని మన తెలుగు ఇళ్లలో చలిజ్వరం మాట వినిపిస్తుంది. "మా రోజుల్లో క్లోరోక్విన్ బిళ్లలు వేసుకుంటే తగ్గిపోయేది, ఇప్పుడు ఎందుకివ్వరు?" అని పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

మన దేశంలో మలేరియా ముఖ్యంగా రెండు రకాలు. వైవాక్స్‌కు క్లోరోక్విన్ నేటికీ ఇస్తున్నారు. ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం మాత్రం దానికి లొంగడం మానేసింది. ఒడిశాలో ఎక్కువ ఇదే. మన దేశంలో ఈ సంగతి మొదట 1973లో అస్సాంలో బయటపడింది.

మలేరియా క్రిమి మన ఎర్ర రక్తకణంలో చేరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. అప్పుడు పుట్టే విషాన్ని విరిచేసుకుని బతుకుతుంది. క్లోరోక్విన్ క్రిమి కడుపు వంటి సంచిలో చేరి ఆ పని జరగనివ్వదు. అయితే పీఎఫ్‌సీఆర్‌టీ అనే జన్యువులో 76వ స్థానం మారిన క్రిమి, మందును సంచిలోంచి బయటికి తోసేస్తుంది. శాస్త్రజ్ఞులు దీన్ని 2000లో గుర్తించారు. ఇలాంటి మార్పులనే జన్యు గుర్తులు అంటారు. ఆర్టెమిసినిన్‌ మందుకు సంబంధించిన కెల్చ్13 గుర్తు 2014లో కంబోడియా క్రిముల్లో తెలిసింది. ఇప్పుడు రువాండా, ఉగాండాల్లోనూ అలాంటి మార్పులు కనిపిస్తున్నాయి.

వేలి చివర తీసిన రక్తపు చుక్కను కాగితంపై ఆరబెట్టి పంపితే ప్రయోగశాలలో ఈ గుర్తులు చదవవచ్చు. మందు పూర్తిగా విఫలం కాకముందే హెచ్చరిక అందుతుంది. మన ఈశాన్య రాష్ట్రాల్లో ఆర్టెమిసినిన్‌కు తోడుగా ఇచ్చే సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ పని తగ్గడంతో 2013లో జంట మందును మార్చారు. ఆఫ్రికాలోని మలావీ 1993లో క్లోరోక్విన్ ఆపేసింది. కొన్నేళ్లకు మారిన క్రిములు తగ్గి, మందుకు లొంగే క్రిములే మళ్లీ మిగిలాయి.

ఇందులో మన వంతూ ఉంది. మందు సగంలో ఆపితే బలహీనమైన క్రిములు చస్తాయి, తట్టుకోగలిగినవి మిగులుతాయి. దోమ వాటిని పక్కింటికి మోస్తుంది. కనుక జ్వరం రాగానే పాత బిళ్లలు వెతక్కుండా ఆశా కార్యకర్త దగ్గర గాని, ఆరోగ్య కేంద్రంలో గాని రక్తపరీక్ష చేయించండి. అది ఉచితం. ఫాల్సిపారం అయితే జంట మందు మూడు రోజులూ వాడాలి. వైవాక్స్ అయితే ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి. గర్భిణులు, పసిపిల్లల తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి. రెండో రోజుకే జ్వరం తగ్గినా మందు ఆపవద్దని సభ్యులందరికీ మా మనవి.