దుకాణం లెక్క సరే, మన లెక్క ఎప్పుడు?

మా వీధి చివర ఒక కిరాణా దుకాణం ఉంది. రాత్రి ఇషా నమాజు ముగించుకుని నేను అటుగా వచ్చే వేళకు దాని యజమాని షట్టరు సగం దించి, గల్లా పెట్టె ముందు కూర్చుని ఉంటాడు. ఎవరైనా పలకరిస్తే ఆగమని చేయి ఎత్తుతాడు. లెక్క తప్పితే మళ్లీ మొదటికి వస్తాడు. ఆనాటి లెక్క తేలకుండా ఏ రాత్రీ తాళం వేయడు. రూపాయల వ్యాపారానికే ఇంత జాగ్రత్త అవసరమైతే, తిరిగిరాని రోజులతో మనం చేస్తున్న వ్యాపారం మాటేమిటి?

ఈ లెక్కకు మన పెద్దలు పెట్టిన పేరు ముహాసబా. అంటే తన పనులను తానే విచారించుకోవడం. ప్రతి మనిషీ రేపటి కోసం తాను ఏమి పంపుకున్నాడో చూసుకోవాలని దివ్య ఖుర్‌ఆన్‌లోని హష్ర్ సూరా బోధిస్తోంది. క్రీ.శ. 857లో బగ్దాదులో కన్నుమూసిన హారిస్ అనే పండితుడు ఈ విచారణలో ఎంతగా నిమగ్నమయ్యారంటే, ఆయనకు ‘ముహాసిబీ’ అనే పేరే స్థిరపడిపోయింది.

ఏకాంతం అంటే సంసారాన్ని వదిలి పారిపోవడమని కొందరు పొరబడుతుంటారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కా సమీపంలోని హిరా గుహలో రోజుల తరబడి ధ్యానంలో గడిపేవారు. వెంట తీసుకెళ్లిన ఆహారం అయిపోగానే ఇంటికి, హజ్రత్ ఖదీజా (రజి) దగ్గరకు వచ్చేవారు. క్రీ.శ. 610లో తొలి దైవవాణి అందిన తర్వాత కూడా ఆయన నేరుగా వచ్చింది ఇంటికే. ఆ ఏకాంతం ఆయనను మనుషులకు దూరం చేయలేదు.

ఇమామ్ గజాలీ జీవితం మా ఉపాధ్యాయులకు మరీ పెద్ద పాఠం. ఆయన బగ్దాదులోని నిజామియా విద్యాలయంలో పేరుమోసిన ఆచార్యులు. వందలాది విద్యార్థులు, పాలకుల దగ్గర గౌరవం, దేనికీ లోటు లేదు. అయినా ఒకనాడు తన మనసునే నిలదీసుకున్నారు. ‘నేను చదువు చెబుతున్నది అల్లాహ్ కోసమా, పేరు కోసమా?’ దొరికిన జవాబు ఆయనను కుదిపివేసింది. నోట మాట రాక పాఠం చెప్పలేని స్థితి వచ్చింది. 1095లో పదవి వదిలి బగ్దాదు విడిచారు. డమాస్కస్ పెద్ద మసీదు మీనారు ఎక్కి, తలుపు వేసుకుని పగలంతా ఒంటరిగా గడిపేవారు. అలాగని ఆయన అక్కడే ఉండిపోలేదు. 1106లో నీషాపూర్‌లో తిరిగి పాఠాలు చెప్పారు.

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఫీజు కట్టలేదని ఒక అబ్బాయిని తరగతిలో అందరి ఎదుట నిలబెట్టి నాలుగు మాటలు అన్నాను. ఆ రాత్రి జానిమాజు మీద కూర్చుని రోజంతా నెమరు వేసుకున్నాను. అయిదు పూటలా నమాజు జమాఅత్‌తో అయింది, తిలావత్ అయింది. మనసు తృప్తిపడబోతుండగా ఆ పిల్లవాడి ముఖం ఎదుట నిలిచింది. నమాజులు, రోజాలు వెంట తెచ్చుకుని కూడా, ఇతరులను తిట్టి, బాధించిన కారణంగా ప్రళయదినాన ఆ పుణ్యమంతా వారికి పంచి దివాలా తీసే మనిషి గురించి ప్రవక్త (స) హెచ్చరించిన సంగతి గుర్తొచ్చింది. ఆ హదీసును నేనే ఎన్నోసార్లు పిల్లలకు బోధించాను!

మర్నాడు అదే తరగతిలో, అందరూ వింటుండగా ఆ అబ్బాయిని క్షమాపణ అడిగాను. వాడు తల దించుకుని ‘పర్వాలేదు హజ్రత్’ అన్నాడు. వాడి మనసులోంచి ఆ మాటలు పోయాయో లేదో అల్లాహ్‌కే తెలుసు. ఒకటి మాత్రం నిజం. ఆ పది నిమిషాలు కూర్చోకపోతే ఆ బాకీ నా ఖాతాలో ఉందని కూడా నాకు తెలిసేది కాదు.

‘రెండు గదుల ఇల్లు, పిల్లల గోల, ఏకాంతం ఎక్కడిది?’ అని అక్కాచెల్లెళ్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పొయ్యి వెలిగించకముందు, ఫజ్ర్ నమాజు తర్వాత జానిమాజు మడవకుండా మరికొద్దిసేపు కూర్చోండి. ఆ కొద్దిసేపు పిల్లలను చూసుకోవడం ఇంట్లోని మగవారి బాధ్యత. ఉదయం మనసుతో ఒప్పందం, రాత్రి లెక్క అన్నది గజాలీ చూపిన పద్ధతి. వ్యాపారి తన భాగస్వామికి సరుకు అప్పగించి షరతులు చెప్పినట్టు, ‘ఈ రోజు అబద్ధం ఆడకు, ఎవరి మనసూ నొప్పించకు’ అని మనసుకు చెప్పుకోవాలి.

రాత్రి సెల్‌ఫోన్ పక్క గదిలో పెట్టి మూడు ప్రశ్నలు వేసుకోండి. అల్లాహ్ హక్కులో ఈ రోజు ఏమి లోటు చేశాను? ఎవరి హక్కు నా మీద మిగిలి ఉంది? ఏ అనుగ్రహానికి షుక్ర్ చెప్పడం మరిచాను? తప్పు దొరికితే తౌబా చేయండి. అది మనిషికి సంబంధించినదైతే తెల్లవారగానే ఆ మనిషి దగ్గరకు వెళ్లండి.

దుకాణదారుకు ఈ రోజు లెక్క తప్పితే రేపు సరిచేసుకునే వీలుంది. మన రేపటికి మాత్రం హామీ లేదు. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.