మిద్దె ఇంటి వెలుగు

కడప జిల్లాలోని తుమ్మలపల్లె పేరు వినగానే నేడు చాలామందికి యురేనియం గని స్ఫురిస్తుంది. 2007లో ఆ గనికి శంకుస్థాపన జరిగిన తరువాతనే ఆ ఊరు దేశానికి తెలిసింది. అయితే ఆ పేరులో అంతకు ఎంతో ముందునుంచి తుమ్మచెట్లున్నాయి. తుమ్మ పెరిగే చోట వాన తక్కువ, ఎండ ఎక్కువ. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పరిసరాలలో సంవత్సరానికి కురిసే వాన కొద్దిపాటిదే. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం అక్కడివారికి వింత కాదు. నేలను కొద్దిగా తవ్వితే రాయి తగులుతుంది. ఈ ఎండను, ఈ రాతిని, ఈ కొద్దిపాటి వానను లెక్కలోనికి తీసుకొని అక్కడి జనులు రూపొందించుకొన్న గృహమే మిద్దె.

మూరెడు మందానికి తగ్గని రాతిగోడలు; వాటిపై వేపదూలాలు; దూలాలపై దంతెలు; దంతెలపై నాపబండలు గాని, సన్నని కట్టెలు గాని పరచి, మట్టి పోసి తొక్కుతారు. అన్నిటికంటె పైన వేసేది చవుడు. పైరుకు పనికిరాని ఆ ఉప్పునేల మన్ను ఇంటికప్పుకు మాత్రం అపురూపమైనది. అందులోని సోడియం లవణాల వలన, తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి సందులను పూడ్చివేస్తాయి. అందువలన నీరు కిందికి దిగదు. ఈ రసాయన సూత్రం తెలియకపోయినా, ఏ దిబ్బ మన్ను వానకు కారదో పల్లెవారికి బాగా తెలుసు.

కప్పు నడుమ ఒక రంధ్రం ఉంటుంది. దానిని గవాచి అంటారు. ఇది సంస్కృతంలోని గవాక్ష శబ్దానికి వికృతి. ‘గో’, ‘అక్షి’ అనే మాటలు కలిసి ఏర్పడిన ఆ పదానికి ఆవుకన్ను వంటిది అని అర్థం. ఆంగ్లంలో కిటికీని తెలిపే ‘విండో’ కూడ ‘గాలికన్ను’ అనే అర్థమిచ్చే పాత స్కాండినేవియా మాటనుంచి పుట్టినదే. గోడకు చేసిన తెరపిని కన్నుగా భావించడం రెండు దూరదేశాల వారికి తోచిందన్నమాట. గవాచి గుండా పడిన ఎండపొడ ఉదయం ఒక గోడమీద, మధ్యాహ్నం నేలమీద, సాయంకాలం ఎదుటి గోడమీద కదలుతూ పొద్దును తెలుపుతుంది. పొయ్యి పొగ, వేడిగాలి పైకి లేచి ఆ దారినే వెలికి పోతాయి. వాన వస్తే ఒక బండతో మూస్తే సరి.

వెలుగును పక్కనుంచి కాక పైనుంచి తీసుకోవడంలో సూర్యగమనానికి సంబంధించిన వివేకం ఉంది. ఈ ప్రాంతం 14 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. ఏప్రిల్ చివర, మళ్ళీ ఆగస్టు నడుమ, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగా నడినెత్తిన ఉంటాడు. కనుక వేసవిలో ఎండదెబ్బ తినేది ప్రధానంగా కప్పు. ఆ తరువాత ఉదయ సాయంకాలాల ఏటవాలు కిరణాలు తగిలే తూర్పు, పడమటి గోడలు. ఉత్తర దక్షిణపు కిటికీలకు చిన్న చూరు నీడ చాలు. పడమటి కిటికీకి ఎంత చూరు దించినా చాలదు. మిద్దెలో మన్ను అంతా కప్పు మీదికే చేరడానికి, గవాచి చిన్నదిగా ఉండడానికి కారణమిదే. పగలంతా తాగిన వేడిని ఆ మట్టికప్పు నెమ్మదిగా, రాత్రివేళకు లోపలికి వదలుతుంది. అప్పటికి ఇంటిల్లిపాది మిద్దెమీద చాపలు పరచుకొని పడుకొని ఉంటారు.

ఇంతమాత్రాన మిద్దెను దోషరహితమని పొగడడం న్యాయం కాదు. ఏటేటా వానలకు ముందు చవుడు వేయాలి. ఆ చాకిరి తప్పితే కప్పు కారుతుంది. మూలలలో చీకటి, పొగ చాలక గవాచి కిందనే వంటచేసే స్త్రీల కళ్ళు మండేవి, కొన్ని ఇళ్ళలో పశువులకు, మనుషులకు ఒకే కప్పు. వీటినుంచి బయటపడాలనే కోరికతోనే జనం కాంక్రీటు ఇళ్ళకు మారారు. ఆ కోరిక సమంజసమైనదే. కాని నాలుగైదు అంగుళాల కాంక్రీటు కప్పు మధ్యాహ్నానికే కాగి, సాయంత్రంనుంచి అర్ధరాత్రిదాకా ఆ సెగను గదిలోనికి కుమ్మరిస్తుంది. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా మరణించారు. ఎండలో పనిచేసేవారికి కలిగే ఆపద అందరికీ కనబడుతుంది. ఇల్లు కదలలేని వృద్ధులకు, బాలింతలకు, పసిపిల్లలకు కాగిన గది కలిగించే బాధ అంతగా లెక్కకు రాదు.

మిద్దెలోని సూత్రాలను కొత్త పనితనంతో కలపవచ్చునని చూపినవారిలో లారీ బేకర్ ముఖ్యుడు. 1917లో ఇంగ్లండులో జన్మించి, భారతదేశాన్నే తన దేశం చేసుకొని, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన వాస్తుశిల్పి ఆయన. ఆదర్శ గ్రామంలోని ఇల్లు అయిదు మైళ్ళ లోపల దొరికే వస్తువులతోనే కట్టదగినదని గాంధీజీ చెప్పిన మాట ఆయనకు మార్గదర్శకమైంది. ఇటుకలను సందులు విడిచి పేర్చిన జల్లెడ గోడలతో ఆయన గాలిని, చిలికిన వెలుగును గదులలోనికి రప్పించాడు. కాంక్రీటు కప్పు అడుగుభాగంలో బరువు మోయని చోట్ల పెంకులు అమర్చి సిమెంటును, సెగను కూడ తగ్గించాడు. కప్పుకు తెల్లపూత పూసి ఎండను తిప్పికొట్టే పద్ధతిని తెలంగాణ ప్రభుత్వం 2023లో తన విధానంగానే ప్రకటించింది.

అయిదు మైళ్ళ నియమం ఈ సీమకు మరీ సులువు. పొరలు పొరలుగా చీలే కడప నాపరాయి ముంబయి వంటిళ్ళలో గట్టుగా అమరినంత గౌరవంగా, అది పుట్టిన పల్లెలోని కొత్త ఇళ్ళలో అమరడం లేదు. వేసవి మధ్యాహ్నం పాదాలకు చల్లగా తగిలే ఆ నల్లబండను తీసివేసి దూరప్రాంతపు పలకలు పరవడం హోదాగా చెల్లుతున్నది. ఈనాడు ఇక్కడ ఇల్లు కట్టదలచినవారు గవాచికి గాజు, దాని పక్కన వేడిగాలి పోవడానికి ఒక తెరపి పెట్టించుకోవచ్చు. మెట్లు, స్నానపుగది, సామానుగది పడమటికి నెట్టి, ముసలివారి మంచానికి ఉత్తరపు గది కేటాయించవచ్చు. ముంగిట అరుగు వేసి, పడమట ఒక వేపమొక్కను పునాది తవ్విన ఏడాదే నాటితే, ఇంటి అప్పు తీరేలోగా దాని నీడ గోడమీదికి చేరుతుంది.