విమానయానము: వెల, శ్రమ, సంతోషము

విమానపు టిక్కెట్టుతో మనము కొనునది కాలము. ఈ దేశమున ఆ కాలమును మొదట కొన్నవి ఉత్తరములు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా చిన్న విమానమొకటి నడుపుకొని, టపాసంచులతో కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరెను. అచటినుండి నెవిల్ వింట్సెంట్ వానిని బళ్ళారి మీదుగా మద్రాసునకు కొనిపోయెను. 1945లో హైదరాబాదున దక్కన్ ఎయిర్‌వేస్ వెలసినది. 1953లో అది మరికొన్ని సంస్థలతో కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషనులో లీనమైనది. ఆనాడు విమానమెక్కుట అధికారులకును, ధనవంతులకును చెల్లిన భాగ్యము. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్‌ను ప్రారంభించిన పిమ్మట చవుక టిక్కెట్ల కాలము వచ్చినది. నేడు జగిత్యాలనుండి గల్ఫునకు పోవు శ్రామికుడును, మనుమని చూడబోవు అవ్వయు శంషాబాదులో అదే వరుసలో నిలబడుచున్నారు. కనుక విమానము విలాసమా, అవసరమా యను వాదమును విడిచి, అది ఇంటి లెక్కలో ఎంతకు వచ్చుచున్నదో మేము ఇచట వివరింపదలచినాము.

టిక్కెట్టు వెలలో పెద్దపాలు ఇంధనమునది. మన విమానసంస్థల వ్యయములో సుమారు 30 నుండి 40 శాతము దానికే పోవును. ఈ ఇంధనము కిరసనాయిలు జాతిది. ఇది జి.ఎస్.టి.లో చేరలేదు, ఒక్కొక్క రాష్ట్రము తన పన్నును తాను విధించుచున్నది. ముడిచమురును కొనుట డాలర్లతో. విమానములలో అధికభాగము విదేశీ సంస్థలనుండి అద్దెకు తెచ్చినవి. ఆ అద్దెయు డాలర్లలోనే. కనుక రూపాయి విలువ దిగినప్పుడెల్ల ఖర్చు పెరుగును. వీనిపైన విమానాశ్రయపు రుసుములు, సాధారణ తరగతి టిక్కెట్టుపై 5 శాతము జి.ఎస్.టి. ఉండనే యున్నవి. ఇన్ని పోగా మిగులు లాభము మిక్కిలి పలుచన. కింగ్‌ఫిషర్ 2012లోను, జెట్ ఎయిర్‌వేస్ 2019లోను, గో ఫస్ట్ 2023లోను సర్వీసులను నిలిపివేయుటయే ఇందుకు తార్కాణము.

పక్కపక్కను కూర్చున్న ఇద్దరిలో ఒకరు మూడువేలు, వేరొకరు తొమ్మిదివేలు ఇచ్చి యుండుట ఎట్లు సంభవించును? సంతలో పొద్దు వాలిన వెనుక మిగిలిన ఆకుకూరను చవుకగా ఇచ్చివేయుదురు. విమానపు సీటు కూడ ఆకుకూరవంటిదే; తలుపు మూసిన పిమ్మట ఖాళీసీటునకు దమ్మిడీ రాదు. ఐనను వెల నడక మాత్రము దాదాపు తలక్రిందులు. సంస్థలు సీట్లను కొన్ని ధరల తరగతులుగా విభజించి, చవుక తరగతిని ముందు అమ్మును. అది నిండగానే పై తరగతి తెరచును. చివరి రెండు మూడు దినములలో వచ్చువాడు పోకతప్పనివాడని వారి అంచనా. తండ్రికి ఆసుపత్రిలో ప్రాణముమీదికి వచ్చినదని కబురందిన కుమారుడు ధరను చూచి వెనుదిరుగడు గదా! పండుగలకును, వేసవి సెలవులకును జరుగునది ఇదియే. ముందుగా తెలిసిన పెండ్లికి నెల దినములముందే టిక్కెట్టు కొనుట వివేకము. ఆపద ముందుగా తెలియదు. విమానయానములో పేదవానిని నిజముగా బాధించునది ఇదే.

చిన్న పట్టణములకు చవుకగా విమానములు నడపవలెనని ప్రభుత్వము ఉడాన్ పథకమును తెచ్చినది. 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి సర్వీసులలో కడప-హైదరాబాదు మార్గమొకటి. సుమారు గంట ప్రయాణమునకు కొన్ని సీట్లను 2,500 రూపాయలకే అమ్మునట్లు పరిమితి విధించి, సంస్థకు వచ్చు నష్టమును ప్రభుత్వము కొంత పూరించునట్లు ఏర్పాటు చేసిరి. అట్టి మార్గములలో కొన్ని తరువాత నిలిచిపోయినవి. ప్రయాణికులు చాలని చోట రాయితీ ఒక్కటే విమానమును ఎంతోకాలము నిలుపజాలదు.

ఇక కాలపు లెక్క. హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు విమానము ఆకాశమున నుండునది సుమారు గంటంబావు. ఇంటినుండి శంషాబాదునకు ఒక గంట, అచట ముందుగా చేరవలసిన 2 గంటలు, దిగిన పిమ్మట పెట్టెకొరకు అరగంట, ఊరిలోనికి మరొక గంట కలిపినచో మొత్తము ఆరు గంటలకు చేరువ యగును. 2023లో ప్రవేశపెట్టిన వందే భారత్ రైలు సికింద్రాబాదునుండి సుమారు ఎనిమిదిన్నర గంటలలో విశాఖ చేర్చును. రాత్రి రైలులో నిదురించినచో పగలు నష్టము కానే కాదు. ఢిల్లీ సంగతి వేరు. రైలులో ఒక పగలు, ఒక రాత్రి గడచును. విమానమున రెండుంబావు గంటలు. అచట డబ్బు ఒక దినమును నిజముగా కొనిపెట్టుచున్నది.

శ్రమలలో మొదటిది తూకము. దేశములోపలి ప్రయాణమున సాధారణముగా 15 కిలోల పెట్టెను అప్పగింపవచ్చును. 7 కిలోల సంచి వెంట నుంచుకొనవచ్చును. మించినదానికి కిలో చొప్పున సొమ్ము కట్టవలెను. కావుననే కౌంటరు ముందర నేలపై పెట్టెలు విప్పి చీరలు, అరిసెల డబ్బాలు సర్దుకొను కుటుంబములు కనిపించుచుండును. ఇంటిలోనే తూచుకొనుట మేలు. నూనె తేలు ఆవకాయను చేతిసంచిలో పెట్టినచో తనిఖీవద్ద ఆపుదురు. దానిని గట్టిగా మూసి పెట్టెలో నుంచవలెను. సెల్‌ఫోనునకు శక్తినిచ్చు పవర్ బ్యాంకు దీనికి విరుద్ధము. అది అగ్నిభయము గలది గనుక చేతిసంచిలోనే యుండవలెను. కౌంటరు సాధారణముగా విమానము బయలుదేరుటకు గంట ముందే మూతపడును.

హక్కులు కూడ తెలిసియుండవలెను. టిక్కెట్టు రద్దుచేసికొన్నను, విమానము అందకపోయినను, మూల ఛార్జీ పోవచ్చును గాని ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇయ్యవలెనని పౌరవిమానయాన డైరెక్టరేటు నియమము. అడుగనివారు ఆ సొమ్మును వదలుకొనుచున్నారు. ఆలస్యము ఆరు గంటలు మించునని తెలిసినచో వేరొక విమానమునో, పూర్తి సొమ్మునో కోరవచ్చును.

విమానము సుమారు 35,000 అడుగుల ఎత్తున పోవునప్పుడు వెలుపలి చలి సున్నకు 50 డిగ్రీలు దిగువ నుండును. లోపల గాలిని నొక్కియుంచి, 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తున నుండునంతగా చేయుదురు. అనగా మనము ఇంచుమించు ఊటీలో కూర్చున్నట్లే. దిగునప్పుడు ఈ ఒత్తిడి మారుటచే చెవులు దిబ్బడ వేయును. గుటకలు మ్రింగినచో సర్దుకొనును. పసిబిడ్డకు ఆ సమయమున పాలు పట్టుట ఉత్తమము.

ఇన్ని శ్రమలకు ప్రతిఫలము కిటికీ. విశాఖకు పోవు మార్గమున తెలంగాణపు గొలుసుకట్టు చెరువులు ఉదయపుటెండలో ఒకదాని వెనుక ఒకటి మెరయును. ఎగువ చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు దిగువ చెరువునకు చేరునట్లు కాకతీయులనాటివారు ఎట్లు అమర్చిరో పైనుండి చూచినప్పుడు ఒక్క క్షణమున బోధపడును. పాపికొండల నడుమ గోదావరి సన్నగిలి, కొండలు దాటగానే వెడల్పగుట కానవచ్చును. మేఘములపై విమానపు నీడ పడినప్పుడు దానిచుట్టు ఇంద్రధనుస్సు రంగుల వలయము ఏర్పడును. మేఘములోని నీటిబిందువులు సూర్యకాంతిని వచ్చిన త్రోవనే వెనుకకు పంపుటచే అది కలుగుచున్నది. దీనికి వేరే రుసుము లేదు.

మా సలహా ఒక్కటే. ధరను చూచుటకు ముందు, ఇంటి గడపనుండి చేరవలసిన గడపవరకు గంటలను లెక్కించుడు. ఆ మిగులు గంటలు మీకు నిజముగా అవసరమైనచో విమానమెక్కుడు. కానిచో రాత్రి రైలు మంచిది. ఎక్కినపుడు మాత్రము కిటికీ సీటును ఇంటిలో తొలిసారి ప్రయాణము చేయు పెద్దవారికి ఇండు.