బుల్లెట్టుకు తోకబండి

బైకు వెనక చిన్న ట్రాలీ తగిలించుకొని బకెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు అమ్మేవాళ్లు మన ఊళ్లకు కొత్త కాదు. వాళ్లను చూసినప్పుడల్లా లాంగ్ రైడ్ పిచ్చి ఉన్న కుర్రాళ్లకు ఒకటే ఆలోచన: మనమూ ఒకటి కట్టిస్తే? గుడారం, పరుపు, స్టవ్వు, వానకోటు అన్నీ అందులో పడేసి నిజామాబాద్ జిల్లా సిరికొండలో బయల్దేరి, ధర్పల్లి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే శ్రీనగర్ దాకా ఒకే రోడ్డు. వీపున సంచి బరువుండదు, వెనక సీటు ఖాళీ. ఆలోచన బాగానే ఉంది. పాతది కూడా. ఇంచుమించు మోటార్ సైకిల్ పుట్టినప్పుడే పుట్టింది.

1890ల చివర్లో ఫ్రాన్సులో ద డియోన్-బుతోన్ కంపెనీ మోటారు ట్రైసైకిళ్లు అమ్మేది. వాటి వెనక రెండు చక్రాల పేము కుర్చీ ఒకటి తగిలించేవారు. అందులో కూర్చునేది సామాను కాదు, మనిషి. సాధారణంగా భార్యో, స్నేహితురాలో. అప్పటి మోటారు శక్తి రెండు మూడు గుర్రాలు. ఎత్తు వచ్చిందంటే నడిపేవాడు పెడల్ తొక్కి సాయం చేయాల్సిందే. తారు రోడ్లు లేని రోజులు కనుక ముందు చక్రాలు లేపే దుమ్ము, ఇంజను వదిలే పొగ అంతా వెనక కూర్చున్నావిడకే. ముందున్నాయనతో ఒక్క మాట చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. ఇంత అవమానకరమైన సీటును మనుషులు ఎక్కువకాలం భరించలేదు. కుర్చీని ముందుకు మార్చి చూశారు. దుమ్ము తప్పింది కానీ, ఏదైనా అడ్డం వస్తే మొదట తగిలేది ఆ కుర్చీలో ఉన్నవాళ్లకే. 1903 జనవరి మొదట్లో ఒక బ్రిటిష్ మోటార్ సైకిల్ పత్రికలో పక్కబండి ఉన్న బైకు కార్టూను అచ్చయింది. మూడు వారాలకు గ్రాహమ్ అనే ఆయనకు పక్కబండి మీద తాత్కాలిక పేటెంటు దక్కింది. సైడ్‌కార్ వ్యాపారం అక్కడ మొదలైంది. మనుషులను లాగే తోకబండి కథ అంతటితో ముగిసింది.

అది తిరిగి వచ్చింది సామాను కోసం. చెకోస్లొవేకియాలో జావా మోటార్ సైకిళ్ల వెనక పావ్ 40 అనే ఒంటి చక్రం ట్రైలర్ తిరిగేది. మైసూరులో 1961 నుంచి తయారైన మన జావాలకు అది అన్నదమ్ముల బండి అన్నమాట. 1975లో హోండా గోల్డ్ వింగ్ మార్కెట్లోకి వచ్చాక అమెరికాలో అసలు జాతర మొదలైంది. 999 సీసీ ఇంజను, నీటితో చల్లబడే ఏర్పాటు, చైను లేని షాఫ్ట్ డ్రైవ్. దాని వెనక కట్టేందుకు, తెరిస్తే మంచంతో సహా గుడారమయ్యే ట్రైలర్లను కూడా అమ్మారు. 1988 మోడల్‌కు రివర్స్ వచ్చింది. తోకబండి ఉన్నవాడికి రివర్స్ విలువ ఏమిటో, పెట్రోలు బంకులో ఇరుక్కున్న ట్రాక్టరు డ్రైవరును అడిగితే చెబుతాడు. తమాషా ఏమిటంటే, ట్రైలర్ల పరిశ్రమకు ప్రాణం పోసిన గోల్డ్ వింగ్ పుస్తకంలోనే హోండా కంపెనీ ఈ బండితో ట్రైలర్ లాగొద్దని రాసింది. హార్లీ వాళ్ల పుస్తకమూ అదే మాట అంటుంది. కొన్నవాళ్లు పుస్తకం మూసేసి లాగారు.

ఎందుకు వద్దన్నారో తెలియాలంటే బోధన్ చెరకు బండ్ల దగ్గరికి పోవాలి. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లో పారాక ఈ నేల చెరకు నేల అయింది. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడేదాకా బోధన్ పేరు చెబితే చెరకు బండ్ల వరసలే గుర్తుకొచ్చేవి. ఆ ఎడ్లబండ్లకు చెరకు ఎత్తేవాళ్లకు పుస్తకంలో లేని లెక్క ఒకటి తెలుసు. బరువు వెనక్కి పోతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకు పలుపు బిగుస్తుంది. ముందుకు పడితే మెడలు కుంగిపోతాయి. కాడి మెడల మీద కొద్దిగా ఆనాలి, అంతే. ట్రైలర్ కొక్కెం దగ్గర ఇంజనీర్లు చెప్పేదీ ఇదే: మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. 60 కిలోల ట్రైలర్‌కు 6 నుంచి 9 కిలోలు. తక్కువైతే వేగం పెరిగిన కొద్దీ తోక పాములా ఊగుతుంది, ఆ ఊపు బైకును పట్టుకుంటుంది. అప్పుడు బ్రేకు గట్టిగా నొక్కకూడదు. యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి. కంగారులో ఎంతమందికి గుర్తుంటుంది? పోనీ ఎక్కువ పెడదామా అంటే, కొక్కెం వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉంటుంది కనుక ముందు చక్రం తేలికై హ్యాండిల్ తేలినట్టుంటుంది.

ఎడ్లబండికి లేని చిక్కు ఒకటి బైకుకుంది. బైకు మలుపులో వంగుతుంది, రెండు చక్రాల ట్రాలీ వంగదు. అందుకే కొక్కెం మూడు రకాలుగా తిరగగలగాలి: పక్కలకు, పైకీ కిందికీ, మెలితిప్పినట్టు. ట్రాక్టరు ట్రాలీలాగా ఒక రింగు, ఒక పిన్నుతో వెల్డింగు చేసి ఇస్తే, మలుపులో బైకు వంగబోతే ట్రాలీ వంగనివ్వదు. ఒంటి చక్రం ట్రైలర్ సంగతి దీనికి తలకిందులు. అది బైకుతో పాటే వంగాలి. కాబట్టి మెలితిరగని కొక్కెం కావాలి. దాని ఊపు, బరువులో కొంత బైకు చాసిస్ మీదే పడతాయి.

ఇంజను లాగుతుందా అన్నది అసలు ప్రశ్నే కాదు. 350 బుల్లెట్టుకు 20 గుర్రాల శక్తి ఉంది, నిర్మల్ ఘాటు కూడా ఎక్కేస్తుంది, క్లచ్ కాస్త కాలుతుంది. ఆపడం సంగతి చూడండి. బుల్లెట్టు జాతిదే అయిన క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, నడిపేవాడు 75, కలిపి 270. బ్రేకులు లేని 60 కిలోల ట్రాలీ తగిలిస్తే 330. పొడి రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంలో సుమారు 24 మీటర్లలో ఆగే బండి ఇప్పుడు 29 మీటర్లు తీసుకుంటుంది. 80లో 42 మీటర్లు 51 అవుతుంది. బర్రె అడ్డం వచ్చేది సరిగ్గా ఆ మిగిలిన మీటర్లలోనే. అదే మలుపులో బ్రేకు వేస్తే ఆ 60 కిలోలు వెనక చక్రాన్ని పక్కకు తోస్తాయి.

బ్రిటన్‌లో దీనికి చట్టపు కొలతలున్నాయి. 125 సీసీ దాటిన బండ్లే లాగాలి, ట్రైలర్ వెడల్పు మీటరు మించకూడదు, సామానుతో కలిపి 150 కిలోలు లేదా బైకు బరువులో మూడింట రెండు వంతులు, ఏది తక్కువైతే అది. ఆ లెక్కన క్లాసిక్ 350కి 130 కిలోలు. అది వాళ్ల రోడ్ల లెక్క. మన దగ్గర బైకు నడిపే నేర్పంతా గుంత తప్పించడంలోనే ఉంది. బైకుకు ఒకటే జాడ. రెండు చక్రాల ట్రాలీ తగిలిస్తే మూడు జాడలు. మీరు తప్పించిన గుంతలో ట్రాలీ చక్రం పడుతుంది. కోతల కాలంలో ఊరి రోడ్ల మీద సగం దాకా వడ్లో, మక్కలో ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తారు కదా. బైకు ఆ రాళ్ల పక్కనుంచి జారుకుంటుంది, ట్రాలీ ఎడమ చక్రం ఒక్కో రాయీ ఎక్కి దిగుతుంది. వెల్డింగు దుకాణంలో సాధారణంగా వేసే ఆటో చక్రం చిన్నది, బైకు చక్రం కంటే ఒకటిన్నర రెట్లు తిరుగుతుంది. బేరింగులు వేడెక్కుతాయి. బకెట్లు అమ్మేవాడు 30లో పోతాడు కనుక బతికిపోతున్నాడు. లాంగ్ రైడ్ కుర్రాడు 30లో పోడు.

మన చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. చాసిస్‌కు కొక్కెం వెల్డింగు చేయించాక ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చూసేది ఆ వెల్డింగునే. మరోవైపు 2020లో కేంద్రం బైకులకు ఒక తేలిక డబ్బాను అనుమతించింది: 550 మిల్లీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు దాటకూడదు. గుణించి చూస్తే 140 లీటర్లు. ఇద్దరి గుడారం, పరుపు, చిన్న స్టవ్వు, నాలుగు జతల బట్టలు అందులో పట్టి ఇంకా చోటు మిగులుతుంది. ఆ డబ్బా వెనక సీటు మీద పెడితే మాత్రం ఒంటరి ప్రయాణమే.

నా మటుకు ఒంటరిగా పోయేవాడికి ట్రైలర్ వద్దు. ఇద్దరు కలిసి నెల రోజులు, అదీ నాలుగు వరుసల రోడ్ల మీదే పోయేట్టయితే ఒంటి చక్రంది, 40 కిలోల లోపు, ధ్రువీకరణ ఉన్నది దొరికితే, ఆర్టీఏ ఆఫీసులో అడిగి చూడొచ్చు. కుంటాల జలపాతానికో, బాసరకో పోయే రెండు రోజుల ముచ్చటకైతే, సామాను మూట కట్టి కిరాణా కొట్టు కాంటా మీద పెట్టండి. 20 కిలోలకు పైబడిన సామానంతా ఆర్టీసీ కార్గోలో ముందురోజే అక్కడికి దగ్గరి బస్టాండుకు వెళ్లిపోవచ్చు; రసీదు జేబులో పెట్టుకొని, చాయ్ తాగి, వెనకే మీరు బయల్దేరొచ్చు.