డ్రైవును పాడుచేసే ఆదేశం ఎవరు పంపొచ్చు?

అరకులోయలోని ఒక బడిలో థింసా పాటల సీడీని కంప్యూటర్లో పెట్టి వింటున్నారనుకోండి. పాట వినిపించే ప్రోగ్రామ్ ఆ సీడీ డ్రైవునే పాడుచేయగలదా? 2004 దాకా లినక్స్‌లో ఈ ప్రమాదం నిజంగానే ఉండేది.

ఎందుకు? డ్రైవులకు చదువు, రాయి అనేవే కాదు, ఫార్మాట్ చెయ్యి, లోపలి ఫర్మ్‌వేర్ మార్చు అనే ఆదేశాలూ తెలుసు. ఫర్మ్‌వేర్ చెడితే పరికరమే పనికిరాకుండా పోవచ్చు. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ప్రోగ్రామ్ కూడా వీటిని నేరుగా పంపగలిగేది.

2004 ఆగస్టులో వచ్చిన లినక్స్ కెర్నల్ (వ్యవస్థకు గుండెకాయ లాంటి భాగం) 2.6.8 వెర్షన్, ప్రోగ్రాములకూ డ్రైవులకూ మధ్యలో కాపలా పెట్టింది. ఆదేశంలోని మొదటి బైటు అదేం పనో చెబుతుంది. దాన్నిబట్టి చదివేవాళ్లకు కొన్ని, రాసేవాళ్లకు మరికొన్ని అనుమతించారు. జాబితాలో లేనివి ప్రత్యేకాధికారం ఉన్న ప్రోగ్రాములకే. చెడ్డ ఆదేశాల జాబితా రాస్తే సరిపోదా? సరిపోదు. తయారీ కంపెనీలు సొంత ఆదేశాలు చేర్చుకుంటాయి, అన్నిటినీ ముందే ఊహించలేం. మొదట్లో సీడీలు రాసే కొన్ని ప్రోగ్రాములకు ఇబ్బంది కలిగినా, నా దృష్టిలో ఇదే సరైన దారి.

2011లో ఇంకో కంత బయటపడింది. డిస్కులో ఒక్క పార్టిషన్ (విడదీసిన భాగం) మాత్రమే అప్పగించినా, ప్రోగ్రామ్ దాని గుండా మొత్తం డిస్కుకు ఆదేశాలు పంపగలిగేది. తర్వాతి సవరణలో దాన్నీ మూసేశారు.